వరస మధ్యలో

సనత్‌నగర్, హైదరాబాద్
12 జూన్ 1988

తుల్సీరాం బావకు,

జైరాం రాస్తున్నాను. చేరాను. బస్సులో కూర్చోవడానికి చోటు దొరికింది.

భాగ్య పంపుల కంపెనీ హాస్టల్ ఫ్యాక్టరీ వెనకాలే ఉంది. బాస్కెట్‌బాల్ టీముకు ఈ ఏడాది కొత్తగా ఆరుగురిని తీసుకున్నారు. మేం పంపులు చేయనక్కర్లేదు. ఆడటమే మా పని. అందుకు నెల నెలా స్టైపెండ్ ఇస్తారు. మార్చి నెలాఖరున ఆరుగురిలో ముగ్గురిని పర్మనెంట్ చేస్తారు. మిగతా ముగ్గురూ ఇంటికి పోవాలి. ఆ మాట మొదటి రోజే చెప్పి సంతకాలు తీసుకున్నారు.

కోర్టు సిమెంటుది. భద్రాచలం మిషన్ స్కూల్లో ఆంథోని సార్ మట్టి మీద ఆడించినప్పుడు బాల్ ఎటు ఎగురుతుందో దేవుడికే తెలిసేది. ఇక్కడ ఎటు కొడితే అటే వస్తుంది. నా గదిలో మధిర అబ్బాయి జోజి ఉంటాడు. రాత్రి మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసుకుంటాడు, లేచీ లేవగానే నా సబ్బు అడుగుతాడు.

నిన్న ప్రాక్టీసు మ్యాచ్ పెట్టారు. పద్దెనిమిది పాయింట్లు వేశాను. కోచ్ సార్ "ఏ ఊర్రా నీది?" అని రెండుసార్లు అడిగారు. అక్కకు చెప్పు.

జైరాం


సారపాక
3 జూలై 1988

జైరాంకు,

ఉత్తరం అందింది. మీ అక్క రుక్మిణికి రెండుసార్లు చదివి వినిపించాను. ఆమెకు అనుమానం పోలేదు.

"ఆడితే పైసలిచ్చుడేంది? గది పనెట్లయితది? ఎవడన్న మోసం చేస్తుండేమో అడుగు" అంది.

"బాల్ రింగుల వేస్తెనే ఇస్తరు" అన్నాను.

"మరి వెయ్యకపోతే?"

అందుకని ఇకనుంచి ప్రతి ఉత్తరంలో ఎన్ని వేశావో రాయి. ఆమె అడుగుతుంది.

వర్షాలు పట్టుకున్నాయి. అడవిలో వెదురు కొట్టే కూపు అక్టోబర్ దాకా మూసేశారు. కట్టల లెక్క రాసే నన్ను వెదురు డిపోలో కూర్చోబెట్టారు. రేకులు కారుతున్నాయి. కాగితాలు తడవకుండా చూడటమే పని.

మా ఇద్దరికీ ఒంట్లో బాగానే ఉంది.

తుల్సీరాం


సనత్‌నగర్
4 సెప్టెంబర్ 1988

బావకు,

జూలైలో పదహారు, పదిహేను, ఇరవై వేశాను. ఆగస్టులో కూడా బాగానే వేశాను. అక్కకు చెప్పు, మోసం ఏమీ లేదు.

నిన్న లీగ్ మ్యాచ్ ఒక్క పాయింట్‌తో ఓడిపోయాం. ఆఖరి నిమిషంలో మాకు రెండు ఫ్రీ త్రోలు వచ్చాయి. ఫ్రీ త్రో అంటే ఎవరూ అడ్డం రారు. గీత దగ్గర నిలబడి తీరిగ్గా వేయడమే. స్కూల్లో చిన్నపిల్లలు కూడా వేస్తారు. వేయాల్సింది నేను. రెండూ పోయాయి. మొదటిది రింగుకు తగిలింది. రెండోది రింగు దాకా వెళ్లలేదు.

కోచ్ సార్ "ఏం ఫరక్ పడదు" అన్నారు. గదికి వచ్చాక జోజి సబ్బు కూడా అడగలేదు.

మొత్తం మీద పన్నెండు వేశాను.

జైరాం


సారపాక
20 అక్టోబర్ 1988

జైరాంకు,

పన్నెండు అని మీ అక్కకు చెప్పాను. "తగ్గినయేంది?" అంది. ఒక్కోరోజు అంతే అన్నాను.

కూపు తెరిచారు. వాగు అవతల, గుట్ట మీద. హేమ్లా నీకు తెలుసు. నువ్వు సెలవుల్లో వచ్చినప్పుడు వెదురు గొట్టంలో చేపలు కాల్చి పెట్టాడు. కొట్టేవాళ్లలో అతనంత చెయ్యి తిరిగినవాడు ఇంకెవరూ లేరు. పోయిన వారం పొదలో వంగి ఇరుక్కుపోయిన బొంగు ఒకటి నరికాడు. అది విల్లులా లేచి నుదుటి మీద కొట్టింది. కన్ను దక్కింది. భద్రాచలం దవాఖానాలో కుట్లు వేశారు.

మళ్లీ పనికి వచ్చాడు. కత్తి ఎత్తుతాడు. దించడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉంటుంది. కాసేపటికి కత్తి కింద పెట్టి ఆకులు చూస్తూ కూర్చుంటాడు.

నువ్వు ఎన్ని వేశావో రాయి.

తుల్సీరాం


సనత్‌నగర్
13 నవంబర్ 1988

బావకు,

పోయిన మ్యాచ్‌లో పద్నాలుగు. అంతకుముందు పది. అంతా బాగుంది.

నీకు హైదరాబాద్‌లో పని పడినా ఇక్కడి దాకా రావద్దు. హాస్టల్‌లో బయటివాళ్లను రానివ్వరు. ఉత్తరమే రాయి.

హేమ్లాను అడిగానని చెప్పు.

జైరాం


సారపాక
18 డిసెంబర్ 1988

జైరాంకు,

ఇక్కడ చలి ఎక్కువగా ఉంది. అక్కడ కూడా ఉంటుంది. నీ దగ్గర మంచి దుప్పటి ఉందో లేదో రాయి. లేకపోతే పంపిస్తాను.

హేమ్లాను కొట్టేవాళ్ల వరస మధ్యలో పెట్టారు. ఇంకా ఏమీ కొట్టడం లేదు.

మీ అక్క బాగుంది. వేళకు తిను.

తుల్సీరాం


సనత్‌నగర్
8 జనవరి 1989

బావకు,

దుప్పటి ఉంది.

నిన్న జోజి ఒక సంగతి చెప్పాడు. డిసెంబర్‌లో మా మ్యాచ్ రోజు కంచె బయట ఒకాయన నిలబడి ఉన్నాడట, చేతిలో గుడ్డ మూటతో. "జైరాం ఆడుతుండా ఇయ్యాల?" అని జోజిని అడిగాడట. జోజి బెంచి మీద కూర్చున్న నన్ను చూపించి "పిలవమంటారా?" అన్నాడట.

"వద్దు. ఆడుకోనియ్."

"ఆడట్లేదు కదండీ."

తను వచ్చినట్టు నాకు చెప్పవద్దని అన్నాడట. జోజి నెల రోజులు ఆగి, ఇక ఉండబట్టలేక చెప్పాడు.

అది నువ్వే. ఆ నెల ఉత్తరంలో ఎన్ని వేశావని అడగలేదు. అక్క అడగడం మానేసిందంటే నేను నమ్మను.

నేను రాసిన పద్నాలుగు అబద్ధం. అవి జోజి వేసినవి, నా పేరు మీద రాశాను. ఆ పది కూడా అంతే. ఆ రెండు ఫ్రీ త్రోలు పోయిన తర్వాత నేను వేసింది చాలా తక్కువ. మొదట గీత దగ్గర వేసేవి పడటం మానేశాయి. తర్వాత పక్క నుంచి వేసేవి కూడా పడలేదు. ఎవరూ లేనప్పుడు ఒక్కణ్ణే వేస్తే పడుతూనే ఉంటాయి. మ్యాచ్‌లో పడవు. ఇప్పుడు బాల్ చేతికి వస్తే చాలు, పక్కవాడికి ఇచ్చేస్తాను. నన్ను వేసేవాడినని తీసుకున్నారు. వేయనివాడిని ఎందుకు ఆడిస్తారు? బెంచి మీద కూర్చోబెట్టారు.

భయం కాదు బావా. భయమైతే నాకు తెలిసేది. గీత దగ్గర నిలబడితే ఏమీ తెలియదు. బాల్ చేతిలో ఉందో లేదో కళ్లతో చూసుకోవాలి. పన్ను పీకించుకోవడానికి సూది ఇచ్చాక పెదవి ఎలా ఉంటుందో, నా అరచేయి అలా ఉంటుంది.

కోచ్ సార్ రోజూ ఒకటే మాట. "నీకు కాన్ఫిడెన్స్ పోయింది. కాన్ఫిడెన్స్ తెచ్చుకో." గట్టిగా అరిచి చెబుతారు. మంచి మనిషే. ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో ఆయనకూ తెలియదు.

మార్చి దగ్గర పడింది. తిడితే తిట్టు. దుప్పట్ల గురించి మాత్రం రాయకు.

జైరాం


సారపాక
22 జనవరి 1989

జైరాంకు,

వచ్చింది నేనే. కాంట్రాక్టర్ పని మీద ఫారెస్టు ఆఫీసుకు వచ్చాను. మీ అక్క నువ్వుల ముద్దలు చేసి ఇచ్చింది.

నువ్వు బెంచి మీద ఉన్నావు. ఆడి వచ్చినవాళ్లకు టవల్ అందించావు, నీళ్లు అందించావు. ఆట అయ్యేదాకా కంచె బయటే ఉన్నాను. దగ్గరికి వస్తే నువ్వు ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది. నేను నమ్మినట్టు కనిపించాల్సి వస్తుంది. అందుకే వెళ్లిపోయాను. ముద్దలు బస్సులో పక్క సీటాయన పిల్లలకు ఇచ్చాను.

మీ అక్కకు నీకే ఇచ్చానని చెప్పాను. "బక్కగైండా?" అంది. లేదన్నాను. "నవ్విండా?" అంది. అవ్ అన్నాను. ఆ తర్వాత ఆమె ఏమీ అడగలేదు. నువ్వు ఎన్ని వేశావో కూడా అడగలేదు.

తిట్టడానికి నాకేమీ కనిపించలేదు. నీ ఆట నాకు తెలియదు. మీ కోచ్ చెప్పే మాటకు అర్థం కూడా సరిగ్గా తెలియదు. హేమ్లా సంగతి సగం రాసి వదిలేశాను, అది రాస్తాను.

వెదురు కొట్టేవాళ్లు గుట్ట కింద వరసగా నిలబడి పైకి కొట్టుకుంటూ పోతారు. చెయ్యి బాగా తిరిగినవాళ్లు వరస చివర్లలో ఉంటారు. ఎవరి కట్టకు వాళ్లు గుర్తుగా ఒక తీగ ముడి వేస్తారు. ఆ ముడి చూసి నేను పేరు రాసుకుంటాను. కూలి దాని మీదే. అయితే బొంగు దెబ్బ తిని వచ్చినవాడిని చివర్లో ఉండనివ్వరు. మధ్యలోకి తెస్తారు. అతను మధ్యలో ఉన్నన్ని రోజులు వరసలో ఎవరూ ముడి వేయరు. అందరి కట్టలూ ఒకటే కుప్ప. కూలి సమానం. అతని వైపు ఎవరూ తల తిప్పి చూడరు. కత్తి ఎత్తి ఆగిపోయినా వాళ్లు ఆగరు. ఇది వాళ్ల పెద్దల నుంచి ఉన్న పద్ధతి.

మేస్త్రి సీతయ్య కొత్తవాడు. అతనికి ఇది తెలియదు. "హేమ్లా ఎన్ని కొట్టిండు ఇయ్యాల?" అని అడిగాడు.

"ఏ హేమ్లా?" అన్నాడు దూలయ్య. వరసలో అందరికంటే పెద్దవాడు అతనే.

"ఆడ కూసున్నడు సూడు, గా హేమ్లా."

"నువ్వెందుకు సూస్తున్నవ్ ఆడికి? వరస కొట్టింది. లెక్క రాసేటాయన్ని రాస్కోనియ్."

నేను వరస పేరు మీదే రాశాను.

చాలా రోజులు హేమ్లా ఏమీ కొట్టలేదు. ముళ్లు తీశాడు, కట్టలకు నార అందించాడు. ఎవరూ ధైర్యం చెప్పలేదు. మొన్న చూస్తే కొడుతున్నాడు. ఎప్పుడు మొదలుపెట్టాడని దూలయ్యను అడిగాను. తెలియదన్నాడు. నిజంగానే తెలియదు. వాళ్లు చూడలేదు.

మీ ఆటలో ఒకడు వేసింది పడకపోతే మిగతా నలుగురూ ఆగి వాడి మొహం చూస్తున్నారు. వాడు కోచ్ మొహం చూస్తున్నాడు. కంచె బయటి నుంచి నాకు అర్థమైంది అదొక్కటే.

తుల్సీరాం


సనత్‌నగర్
19 ఫిబ్రవరి 1989

బావకు,

నీ ఉత్తరం జోజికి చదివి వినిపించాను. మంచం మీద పడుకుని విన్నాడు.

"మీ అడవోళ్ల రూలు బాగుందిరా. కానీ మనకి స్కోరు బోర్డుంది కదా, దాన్నేం చేస్తావ్?" అన్నాడు. తర్వాత అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున కోర్టులో మిగతావాళ్లందరినీ పిలిచాడు. "ఇవాళ్టి నుంచి ప్రాక్టీసులో ఎవరెన్ని వేశారో చెప్పుకోవద్దు. టీమువి ఎన్ని, అంతే. వీడు గీత దగ్గరుంటే ఎవరూ వీడి మొహం చూడకండి. చూసి తరించే మొహమేం కాదులే."

ఒకడు ఒప్పుకోలేదు. మార్చిలో పేరు కావాలంటే తన లెక్క తనకు ఉండాలన్నాడు. అతను అన్నది తప్పు కాదు. జోజి అతనితో ఏం మాట్లాడాడో తెలియదు, రెండు రోజుల తర్వాత అతనూ చూడటం మానేశాడు. కోచ్ సార్ "ఏందిది, అందరూ నేల చూస్తున్నరు?" అని అడిగారు. "ప్రార్థన సార్" అన్నాడు జోజి.

నిన్న మ్యాచ్‌లో ఒకడి మడమ మెలిక పడింది. నన్ను లోపలికి పంపారు. కాసేపటికి రెండు ఫ్రీ త్రోలు వచ్చాయి. మావాళ్లలో ఒకడు షూ లేసు కట్టుకుంటున్నాడు. జోజి ఆకాశంలో విమానం ఏదైనా ఉందేమో వెతుకుతున్నాడు. మొదటిది పోయింది. ఎవరూ ఇటు తిరగలేదు. రెండోది పడింది.

సంతోషం ఏమీ అనిపించలేదు. బాల్ మీద గాడి పడ్డ గీతలు వేళ్లకు తగిలాయి, అంతే. సెప్టెంబర్ తర్వాత అవి తగలడం ఇదే మొదటిసారి.

జైరాం


సారపాక
12 మార్చి 1989

జైరాంకు,

ఉత్తరం అందింది. దూలయ్యకు చెప్పాను. "పట్నపోళ్లు నేర్సుకున్నరా?" అన్నాడు. నవ్వలేదు, కానీ ఆ రోజంతా ఆ మాట వరసలో ప్రతివాడికీ చెప్పాడు.

ఎండలు ముదిరాయి. అడవిలో అక్కడక్కడా మంట లేస్తోంది. కూపు ఇంకో రెండు నెలలే.

హేమ్లా మొన్న తన కట్టలకు మళ్లీ తీగ ముడి వేశాడు. ఎవరూ చెప్పలేదు. సాయంత్రం నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నా పేరు మీద రాయి."

"తక్కువున్నయి" అన్నాను. మునుపు కొట్టేదాంట్లో సగం కూడా లేవు.

"ఉన్నన్ని రాయి."

రాశాను. ఆ రోజు వరసలో అందరికంటే తక్కువ కూలి అతనిదే. తీసుకుని వెళ్లిపోయాడు.

నీ సంగతి ఎలా ఉన్నా రాయి.

తుల్సీరాం


సనత్‌నగర్
2 ఏప్రిల్ 1989

బావకు,

నోటీసు బోర్డు మీద మూడు పేర్లు పెట్టారు. జోజి పేరు ఉంది. నాది లేదు.

ఆఖరి మ్యాచ్‌కు ముందు జోజితో చెప్పాను, ఈసారి నన్ను చూసినా ఫర్వాలేదని. "అయితే మొహం కడుక్కురా" అన్నాడు. సగం ఆట ఆడించారు. తొమ్మిది వేశాను. నాలుగు ఫ్రీ త్రోల్లో రెండు పోయాయి. పోయినప్పుడు అందరూ చూశారు. చూస్తున్నారని తెలిసింది. మళ్లీ వేశాను.

పేర్లు పెట్టాక కోచ్ సార్ పిలిచారు.

"వచ్చిందా కాన్ఫిడెన్స్?"

"తెల్వదు సార్. చేతికి బాల్ తెలుస్తుంది."

ఆయన కాసేపు విజిల్ తాడు వేలికి చుట్టుకున్నారు. "గిదే ఆట డిసెంబర్ల ఆడితే నీ పేరు ఉంటుండె. జూన్ల కొత్త పిల్లలకు ట్రయల్స్ పెడుతున్నం. వాళ్లతోటి నిలబడతానంటే రా. గ్యారంటీ ఏం లేదు."

కొత్త పిల్లలంటే ఇప్పుడే స్కూలు వదిలినవాళ్లు. అందులో నిలబడితే, పోయినేడు తీసుకుని వద్దనుకున్నవాడినని అందరికీ తెలుస్తుంది. జూన్ దాకా ఉండాలంటే ఫ్యాక్టరీలో పంపుల పెట్టెలు లారీలకు ఎక్కించే పని ఉంది. కూలి పనే. పడుకోవడానికి జోజి తన గదిలో చోటిస్తానన్నాడు. సబ్బు నేనే తేవాలట.

ఉండాలో రావాలో నాకు తెలియడం లేదు. బోర్డు చూసినప్పుడు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. పెట్టె సర్దుకోవడానికి గదికి బయలుదేరినవాణ్ణి, చూసుకుంటే కోర్టులో ఉన్నాను. చీకటి పడేదాకా వేశాను.

అక్కకు ఏం చెప్పాలో నువ్వే చూడు. అబద్ధం మాత్రం వద్దు.

జైరాం


సారపాక
14 ఏప్రిల్ 1989

జైరాంకు,

మీ అక్కకు అంతా చెప్పాను. నువ్వుల ముద్దల నుంచి మొదలుపెట్టాను. అది పొరపాటు. చాలాసేపు వాటి దగ్గరే ఆగిపోయింది. "నా తమ్మునికని చేస్తే బస్సుల పంచి పెట్టినవా?" అని రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు అన్నం పెడుతూ అడిగింది.

"నౌకరి పోయిందా, చెయ్యి పోయిందా?"

"నౌకరి."

"చెయ్యి?"

"చెయ్యి వచ్చిందంట."

పప్పు వేసింది. గిన్నె పక్కన పెట్టింది.

"మరి ఇంటికొచ్చి ఏం చేస్తడు? ఈడ రింగులున్నయా వెయ్యటానికి? ఆడనే ఉండుమను."

"పిల్లలతోటి నిలబడాలెనంట. సిగ్గుపడుతుండు."

"పెట్టెలు మోసుడుకు లేని సిగ్గు బాల్ వెయ్యటానికేంది?"

ఇది ఆమె మాట. నేను కూడా అదే రాద్దామనుకున్నాను, ఇంత బాగా వచ్చేది కాదు. ఉండు. పెట్టెలు ఎక్కించేటప్పుడు వేళ్లు జాగ్రత్త.

ట్రయల్స్ ఏ రోజో తెలియగానే రాయి. జూన్ నాటికి కూపు మూసేస్తారు, డిపోలో నాకు సెలవు దొరుకుతుంది. ఇద్దరం వస్తున్నాం. నువ్వు గీత దగ్గర నిలబడినప్పుడు తల దించుకోవాలని మీ అక్కకు ముందే చెప్పాను. "అంత దూరమొచ్చి నేలెందుకు జూస్త? నా తమ్ముణ్ణి నేను జూస్త" అంది. అది నువ్వూ మీ అక్కా చూసుకోండి.

కంచె లోపల కూర్చుంటాం. పడినా పడకపోయినా, ఆట అయ్యాక అక్కడే ఉంటాం.

తుల్సీరాం